డిశ్చార్జి సమ్మరీల పాఠ్య విశ్లేషణతో మందుల వాడకాన్ని గమనించడం ఎలా: ఆసుపత్రి బృందాలకు సమగ్ర మార్గదర్శి

ఆపరేషన్ అయిన రోగికి ఏ యాంటీబయాటిక్ ఎంత ఇచ్చారో ఫార్మసీ బిల్లు చెబుతుంది. ఎందుకు ఇచ్చారో చెప్పదు. షెడ్యూల్ హెచ్1 నిబంధన ప్రకారం 2014 మార్చి నుంచి మందుల షాపులు కొన్ని మందులకు ప్రత్యేక రిజిస్టరు పెట్టి, మందు పేరు, పరిమాణం, రోగి పేరు, రాసిన డాక్టరు వివరాలు నమోదు చేసి, మూడేళ్లు భద్రపరచాలి. అందులోనూ జబ్బు పేరుకు గడి లేదు. 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ వైద్య కళాశాలల డాక్టర్లకు లేఖ రాసి, యాంటీబయాటిక్ రాసిన ప్రతిసారీ దాని కారణం కూడా రాయాలని కోరింది. ఆ కారణం కనిపించేది వాక్యాల్లోనే: కేస్ షీట్‌లో, రోజువారీ నోట్స్‌లో, డిశ్చార్జి సమ్మరీలో. అందుకే మందుల వాడకాన్ని గమనించాలంటే వాక్యాలు చదవక తప్పదు. వేల సమ్మరీలను మనిషి చదవలేడు కాబట్టి కంప్యూటర్‌తో చదివించాలి. మనిషి ముందు కొన్ని వందలు శ్రద్ధగా చదివితేనే కంప్యూటర్ చదివినదాన్ని నమ్మగలం. ఈ మార్గదర్శి అంతటికీ ఇదే ఆధారం.

క్లినికల్ ఫార్మసిస్టులు, ఇన్‌ఫెక్షన్ నియంత్రణ నర్సులు, పీజీ విద్యార్థులు, మెడికల్ రికార్డ్స్ సిబ్బంది దీన్ని ఉపయోగించుకోవచ్చు. బృందంలో కేస్ షీట్ చదివి అర్థం చేసుకోగలవారు ఒకరు, పైథాన్‌లో చిన్న ప్రోగ్రాములు రాయగలవారు ఒకరు ఉంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది.

1. ఒకే ఒక్క ప్రశ్న ఎంచుకోండి

"మా ఆసుపత్రిలో మందులు సక్రమంగా వాడుతున్నారా?" అని మొదలుపెడితే పని ఎప్పటికీ తెమలదు. ఇలా ఇరుకుగా అడగండి: ఇన్‌ఫెక్షన్ లేకుండా, హెర్నియా లేదా థైరాయిడ్ వంటి శుభ్రమైన ఆపరేషన్ చేయించుకున్న పెద్దవారిలో ఎంతమందికి యాంటీబయాటిక్ ఆపరేషన్ తర్వాత కూడా కొనసాగింది? ఇంటికి వెళ్లేటప్పుడు ఎంతమందికి యాంటీబయాటిక్ మాత్రలు రాశారు?

ఈ ప్రశ్నకు కొలబద్ద సిద్ధంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల ప్రకారం ముందుజాగ్రత్త యాంటీబయాటిక్ అవసరమైన ఆపరేషన్లలో దాన్ని కోతకు ముందు 120 నిమిషాల లోపు ఇవ్వాలి. ఆపరేషన్ పూర్తయ్యాక కొనసాగించకూడదు. చాలా ఆసుపత్రులు తమ విధానాల్లో 24 గంటలను గరిష్ఠ పరిమితిగా పెట్టుకుంటాయి.

ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. డిశ్చార్జి సమ్మరీలో తేదీలు ఉంటాయి కానీ గంటలు ఉండవు. కాబట్టి నిర్వచనాన్ని రికార్డుకు తగ్గట్టు మార్చుకోండి. ఆపరేషన్ రోజును సున్నాగా లెక్కించి, రెండో రోజున గానీ ఆ తర్వాత గానీ యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే "కొనసాగింది" అని రాసుకోండి. మొదటి రోజును వదిలేయండి. కొన్ని కేసులు జారిపోతాయి కానీ ఎవరినీ అన్యాయంగా లెక్కలోకి లాగరు. ముందే ఇన్‌ఫెక్షన్ ఉన్నవారిని, ఎముక విరిగి బయటికి వచ్చిన గాయాలను, పేగుకు రంధ్రం పడిన కేసులను మినహాయించండి. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, ఎవరిని తీసుకోకూడదు అన్నది ఒక పేజీలో రాసి, శస్త్రచికిత్స విభాగాధిపతితో ముందే చర్చించండి. ఫలితాలు వచ్చాక నిర్వచనం మీద వాదన మొదలైతే పని అక్కడే ఆగిపోతుంది.

2. అనుమతి, గోప్యత

ఆసుపత్రి నాణ్యత పర్యవేక్షణలో భాగమైనా, థీసిస్ కోసమైనా ఎథిక్స్ కమిటీకి ముందే తెలియజేయండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు, 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం రెండూ కమిటీ ముందు చర్చకు వస్తాయి.

పేరు, ఫోను నంబరు, ఆధార్, 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) సంఖ్య, ఆసుపత్రి నంబరు, చిరునామా తొలగించాలని అందరికీ తెలుసు. మన రికార్డుల్లో తప్పించుకునేవి వేరే ఉన్నాయి. "ఎస్/ఓ", "డబ్ల్యు/ఓ", "ఆర్/ఓ" అన్న పొట్టి అక్షరాల వెనుక తండ్రి పేరు, భర్త పేరు, ఊరి పేరు వస్తాయి. రోగి పేరు తీసేసి భర్త పేరు, ఊరు మిగిల్చితే ఆ మనిషిని గుర్తుపట్టడం ఎంతసేపు? ఆసుపత్రికి పంపిన డాక్టరు పేరు, ఊళ్లో మొదట చూసిన ఆర్‌ఎంపీ పేరు కూడా కథనం మధ్యలో ఉంటాయి. ప్రోగ్రాము తొలగించాక కనీసం వంద సమ్మరీలు కళ్లతో చూసి, ఏమి మిగిలాయో సరిచూసుకోండి.

తేదీలను చెరిపేయకండి, అవి లేకపోతే మీ ప్రశ్నకే జవాబు ఉండదు. ఒక్కో రోగికి ఒక్కో సంఖ్య యాదృచ్ఛికంగా ఎంచి, ఆ రోగి తేదీలన్నింటినీ అన్ని రోజులు జరపండి. అసలు తేదీ దాగుతుంది, రోజుల మధ్య దూరం మారదు. అమెరికాలోని బోస్టన్ ఆసుపత్రి రికార్డులతో పరిశోధకులు తయారుచేసిన మిమిక్ భాండాగారంలోనూ ఇదే పద్ధతి. నెలవారీ లెక్క కోసం అసలు నెలను, తిరిగి రోగిని గుర్తించే తాళాన్ని మెడికల్ రికార్డ్స్ విభాగం మాత్రమే వేరుగా ఉంచుకోవాలి.

రోగి సమ్మరీని ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత చాట్‌బాట్‌లో ఒక్కసారి కూడా అతికించకండి. పరీక్ష కోసమైనా సరే.

3. పాఠాన్ని భాగాలుగా విడదీయండి

చేతిరాత కేస్ షీట్లతో మొదలుపెట్టవద్దు. టైపు చేసిన డిశ్చార్జి సమ్మరీలు దాదాపు ప్రతి ఆసుపత్రిలో ఉన్నాయి, వాటిని సాదా పాఠంగా మార్చడం తేలిక.

మార్చాక శీర్షికల ప్రకారం ముక్కలు చేయండి: గత చరిత్ర, పరీక్షలు, ఆపరేషన్ వివరాలు, ఆసుపత్రిలో చికిత్స, డిశ్చార్జి సలహా. ఒకే మందు పేరు గత చరిత్రలో ఉంటే ఒక అర్థం, డిశ్చార్జి సలహాలో ఉంటే మరో అర్థం. ఈ విభజన సరిగా జరిగితే తర్వాత రాబోయే తప్పుల్లో చాలా భాగం పుట్టనే పుట్టవు. శీర్షికలు డాక్టరుకో తీరుగా ఉంటాయి కాబట్టి, అన్ని సమ్మరీల్లోని శీర్షికలను ఏరి, ఎన్నిసార్లు వచ్చాయో లెక్కించి, ఆ జాబితా నుంచి పర్యాయపదాల పట్టిక తయారుచేయండి.

మూసలో వచ్చిన వాక్యాలనూ పట్టుకోవాలి. హెర్నియా రోగులందరి సమ్మరీల్లో అక్షరం పొల్లు పోకుండా ఒకే వాక్యం కనిపిస్తే, అది ఆ రోగికి జరిగిన చికిత్స కాకపోవచ్చు, పాత ఫైలు నుంచి కాపీ అయిన వాక్యం కావచ్చు. చాలామంది రోగుల్లో యథాతథంగా పునరావృతమయ్యే వాక్యాలకు గుర్తు పెట్టి, కొన్నింటిని కేస్ షీట్‌తో పోల్చండి.

4. మందుల నిఘంటువు

అసలు శ్రమ ఇక్కడే. జనరిక్ పేర్లే స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధన తెచ్చినా, మన సమ్మరీలు బ్రాండు పేర్లతోనే నిండి ఉంటాయి. కాబట్టి ప్రతి బ్రాండుకు ఎదురుగా జనరిక్ పేరు, ఇచ్చే మార్గం, ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గం (8వ భాగంలో వివరించినది) ఉండే పట్టిక కావాలి. అంతర్జాతీయ జాబితాలు జనరిక్ పేర్లకు పనికొస్తాయి కానీ మన బ్రాండ్లకు కాదు. మీ ఆసుపత్రి ఫార్మసీ స్టాకు జాబితాతో మొదలుపెట్టి, చుట్టుపక్కల షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే పేర్లు కలపండి.

బ్రాండు పేరు చివరి అక్షరాన్ని ఎప్పుడూ వదలకండి. టాక్సిమ్ అంటే సెఫొటాక్సిమ్ ఇంజెక్షన్, టాక్సిమ్-ఓ అంటే సెఫిక్సిమ్ మాత్ర. మోనోసెఫ్ సెఫ్‌ట్రయాక్సోన్ కాగా మోనోసెఫ్-ఓ సెఫ్‌పొడాక్సిమ్. జిఫీ అంటే సెఫిక్సిమ్ ఒక్కటే, జిఫీ-ఓలో దానికి ఒఫ్లాక్ససిన్ కూడా కలుస్తుంది. "ఓ" అన్న ఒక్క అక్షరం రాలిపోతే మందే మారిపోతుంది. అందుకే నిఘంటువులో పొడవైన పేరును ముందు వెతికించి, అది దొరక్కపోతేనే పొట్టి పేరును వెతికించాలి.

ఓ2 అన్న పేరు మరీ చిక్కు. ఒఫ్లాక్ససిన్, ఆర్నిడజోల్ కలిపిన ఒక మాత్ర బ్రాండు పేరు అదే. ఆక్సిజన్‌కు వార్డులో రాసే గుర్తూ అదే. ముందు "ట్యాబ్" అనో, తర్వాత "బీడీ" (రోజుకు రెండుసార్లు) అనో ఉంటే మాత్ర. "లీటర్లు", "మాస్క్", "సాచురేషన్" దగ్గర్లో ఉంటే ప్రాణవాయువు. ఈ నియమం రాయకుండా ఐసీయూ సమ్మరీల మీద ప్రోగ్రాము నడిపితే ఊపిరాడని ప్రతి రోగికీ విరేచనాలు తగ్గించే ఆ మాత్ర ఇచ్చినట్టు లెక్క తేలుతుంది.

అక్షర దోషాలను సరిదిద్దడానికి దగ్గరి పదాన్ని వెతికే పద్ధతులు ఉన్నాయి. జాగ్రత్తగా వాడండి. ఇంగ్లిషు స్పెల్లింగులో సెఫిక్సిమ్‌కు, సెఫెపిమ్‌కు మధ్య తేడా రెండక్షరాలే. మొదటిది మింగే మందు, రెండోది ఆసుపత్రిలో నరానికి ఇచ్చేది. ఒక్క అక్షరం తేడా ఉన్న పొడవైన పదాలను మాత్రమే ప్రోగ్రాము తనంతట తాను సరిదిద్దాలి. మిగతావన్నీ ఫార్మసిస్టు చూడవలసిన జాబితాలోకి వెళ్లాలి.

మోతాదు సంకేతాలకు మరో పట్టిక: ఓడీ (రోజుకు ఒకసారి), బీడీ (రెండుసార్లు), టీడీఎస్ (మూడుసార్లు), హెచ్ఎస్ (పడుకునే ముందు), ఎస్ఓఎస్ (అవసరమైతే), స్టాట్ (వెంటనే), 1-0-1 (ఉదయం ఒకటి, రాత్రి ఒకటి). కొందరు 5/7 అని రాస్తే ఐదు రోజులని అర్థం. కంటి విభాగంలో ఓడీ అంటే కుడి కన్ను కూడా కావచ్చు. డిశ్చార్జి సలహా తెలుగులో ఉంటే "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి" వంటి పదబంధాలు, వాటిని ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన రూపాలు కూడా చేర్చండి. "పూటకు ఒకటి" అంటే రెండు పూటలా, మూడు పూటలా? రోగికి అర్థం కానిది మీ ప్రోగ్రాముకూ అర్థం కాదు. దాన్ని "అస్పష్టం" అని నమోదు చేసి, విడిగా లెక్కించండి. ఆ లెక్క ఆసుపత్రికి ఉపయోగపడే ఫలితమే.

5. పేరు కనిపిస్తే మందు ఇచ్చినట్టు కాదు

2001లో వెండీ చాప్‌మన్ బృందం నెగెక్స్ అనే సరళమైన పద్ధతిని ప్రచురించింది. వైద్య పాఠంలో "లేదు", "కాదు" వంటి మాటలు దగ్గర్లో ఉన్న పదం అర్థాన్ని ఎలా తిప్పేస్తాయో గుర్తించే పద్ధతి అది. ఇప్పటికీ మంచి ఆరంభం. మందుల విషయంలో మాత్రం లేదు, కాదు చాలవు. పెన్సిలిన్ పడదు, బయట అజిత్రోమైసిన్ వాడారు, మెరోపెనెమ్ ఆపేశాం, జ్వరం వస్తే ఫలానాది వేసుకోవాలి: ఈ నాలుగింటిలోనూ మందు పేరు ఉంది, కానీ ఒక్కదానిలోనూ ఆ మందు ఈ ఆసుపత్రిలో ఇప్పుడు ఇస్తున్నట్టు లేదు. కాబట్టి ప్రతి ప్రస్తావనకు ఒక స్థితి పెట్టండి: ఇచ్చారు, గతంలో వాడారు, పడదు, ఆపారు, అవసరమైతే.

అన్నిటికంటే పెద్ద ఉచ్చు కల్చర్ రిపోర్టు. ఏ మందుకు క్రిమి లొంగుతుంది, ఏ మందుకు లొంగదు అని చెబుతూ అందులో పది, పదిహేను యాంటీబయాటిక్‌ల పేర్లు వరుసగా ఉంటాయి. రోగికి వాటిలో ఒక్కటీ ఇచ్చి ఉండకపోవచ్చు. ఆ భాగాన్ని గుర్తించి, మందుల లెక్క నుంచి పూర్తిగా తప్పించండి.

దీనికి విరుద్ధంగా పేరే కనిపించకుండా మందు కొనసాగే సందర్భం కూడా ఉంది. మన వార్డుల్లో అదే చికిత్స కొనసాగించండి అనడానికి "సీఎస్టీ" అని మూడక్షరాలు రాస్తారు. ఈ నమూనా చూడండి (బోధన కోసం కల్పించినది; ఐవీ అంటే నరానికి, పీఓడీ అంటే ఆపరేషన్ తర్వాతి రోజు):

ఇంజె. మోనోసెఫ్ 1 గ్రా. ఐవీ బీడీ
పీఓడీ 1, 2: సీఎస్టీ
పీఓడీ 3: డిశ్చార్జి
ట్యాబ్. టాక్సిమ్-ఓ 200 బీడీ × 5/7

పేర్లను మాత్రమే వెతికే ప్రోగ్రాము సెఫ్‌ట్రయాక్సోన్ ఒక్క రోజుతో ఆగిందని చెబుతుంది. సీఎస్టీ తెలిసిన ప్రోగ్రాము ఆపరేషన్ రోజు, తర్వాత రెండు రోజులు కలిపి మూడు రోజులు లెక్కిస్తుంది. రోజుకు 2 గ్రాముల చొప్పున 6 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన సెఫ్‌ట్రయాక్సోన్ ప్రామాణిక రోజువారీ మోతాదు 2 గ్రాములు కాబట్టి ఇది 3 మోతాదులు. డిశ్చార్జిలో రాసిన సెఫిక్సిమ్ మొత్తం 2 గ్రాములు, దాని ప్రామాణిక మోతాదు 0.4 గ్రాములు కాబట్టి 5 మోతాదులు. బయట షాపులో కొన్న ఆ 5 మోతాదులు ఆసుపత్రి బిల్లులో ఎక్కడా కనిపించవు. ఎక్కువ భాగం మందు రోగి ఆసుపత్రి దాటాక వాడినదే, దానికి సాక్ష్యం సమ్మరీలోని చివరి వరుస ఒక్కటే. ఆ ఎనిమిది మోతాదులకూ కారణం ఎక్కడైనా రాసి ఉందా? నమూనాలో లేదు. దాన్ని "కారణం నమోదు కాలేదు" అని రాయాలి. "అనవసరం" అని ఎప్పుడూ రాయకూడదు. రికార్డులో లేనిది జరగలేదని తీర్పు చెప్పే అధికారం పాఠ్య విశ్లేషణకు లేదు.

6. మనుషులు చదివిన ప్రమాణం

రెండు వందల సమ్మరీలు యాదృచ్ఛికంగా ఎంచుకోండి. ఇద్దరు, ఒకరి జవాబు ఇంకొకరు చూడకుండా, ప్రతి మందునూ దాని స్థితినీ గుర్తించాలి. వారి మధ్య ఏకాభిప్రాయాన్ని కోహెన్ కప్పా అనే కొలతతో లెక్కించండి (పూర్తి ఏకాభిప్రాయం ఉంటే 1). 0.8 కంటే బాగా తక్కువ వస్తే తప్పు చదివినవారిది కాదు, మీ సూచనలు స్పష్టంగా లేవన్నమాట. సూచనలు సవరించి మళ్లీ చదివించండి. తేడాలు మిగిలితే మూడో వ్యక్తి, వీలైతే సీనియర్ డాక్టరు, తేల్చాలి.

వాటిలో వంద ప్రోగ్రాము తయారీకి, మరో వంద పరీక్షకు. పరీక్ష వందను ప్రోగ్రాము రాసేవారు చివరి వరకు తెరవకూడదు.

ఫలితాన్ని రెండు అంకెల్లో చూడండి. మనుషులు 80 ప్రస్తావనలు గుర్తించారనుకుందాం. ప్రోగ్రాము 75 చూపింది, వాటిలో 70 సరైనవి. చూపినవాటిలో సరైనవి 93.3 శాతం, ఉన్నవాటిలో పట్టుకున్నవి 87.5 శాతం. ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా చెప్పడం ఆనవాయితీ కానీ, నన్నడిగితే విడివిడిగానే చెప్పాలి. లేని మందును ఉన్నట్టు చూపితే డాక్టరుకు అన్యాయం. ఉన్న మందు జారిపోతే సమస్య చిన్నదిగా కనిపిస్తుంది. రెండింటి పర్యవసానాలు ఒకటి కావు.

7. ఏ పనిముట్టు?

మొదట నియమాలు, నిఘంటువు. పైథాన్‌లో మెడ్‌స్పేసీ అనే ఉచిత సాధనంలో శీర్షికల విభజన, నెగెక్స్ తరహా నియమాలు సిద్ధంగా ఉన్నాయి. ఇరుకైన ప్రశ్నకు ఇవి చాలాసార్లు సరిపోతాయి, తప్పు ఎక్కడ జరిగిందో వెతికి పట్టుకోవచ్చు.

"కారణం ఏమిటి" వంటి, పలు రకాలుగా రాసే విషయాలకు పెద్ద భాషా నమూనాలు (చాట్‌బాట్‌ల వెనుక పనిచేసే తరహా ప్రోగ్రాములు) బాగా తోడ్పడతాయి. మూడు షరతులు. నమూనా ఆసుపత్రి సొంత కంప్యూటర్‌లో నడవాలి. ప్రతి జవాబుతో పాటు అది ఏ వాక్యం నుంచి వచ్చిందో యథాతథంగా చూపాలి. ఆ వాక్యం నిజంగా సమ్మరీలో ఉందో లేదో మరో చిన్న ప్రోగ్రాము అక్షరాలు పోల్చి తేల్చాలి. లేకపోతే ఆ జవాబును తిరస్కరించాలి. దీన్ని కూడా అదే వంద సమ్మరీల మీద పరీక్షించాలి. మాటతీరు నమ్మకంగా ఉందని మినహాయింపు ఇవ్వవద్దు.

8. లెక్కలు

ప్రధాన సూచిక మీ ప్రశ్నే: కొనసాగినవారి శాతం, డిశ్చార్జిలో మాత్రలు పొందినవారి శాతం, కారణం నమోదైనవారి శాతం. నెలనెలా ఒక గీత మీద చూపండి. ఆసుపత్రి విధానం మారిన నెలను ఆ గీత మీద గుర్తించండి.

దీనితో పాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో తెచ్చిన యాక్సెస్ (మొదట వాడదగినవి), వాచ్ (జాగ్రత్తగా వాడాల్సినవి), రిజర్వ్ (చివరి అస్త్రంగా దాచుకోవాల్సినవి) వర్గీకరణ చేర్చవచ్చు. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, సెఫజోలిన్ యాక్సెస్‌లో ఉన్నాయి. సెఫ్‌ట్రయాక్సోన్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ వాచ్‌లో, కొలిస్టిన్, లినెజోలిడ్ రిజర్వ్‌లో. ఒఫ్లాక్ససిన్-ఆర్నిడజోల్ జోడీ ఆ సంస్థ సిఫారసు చేయని మిశ్రమాల్లో ఒకటి. మనుషులు వాడే యాంటీబయాటిక్‌లలో ప్రపంచవ్యాప్తంగా కనీసం 70 శాతం యాక్సెస్ వర్గం నుంచే ఉండాలని 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రకటన 2030కి లక్ష్యం పెట్టింది. అది ప్రపంచ లక్ష్యం. పెద్ద ఐసీయూ ఉన్న ఆసుపత్రిని ఆ ఒక్క అంకెతో తూచకండి.

ప్రామాణిక రోజువారీ మోతాదులు పెద్దవారికి నిర్ణయించినవి. పిల్లల వార్డుకు ఆ లెక్క వర్తించదు.

9. డాక్టర్లకు ఎలా చెప్పాలి

విభాగం స్థాయిలో చెప్పండి, వ్యక్తి పేరుతో వద్దు. పదిమంది కంటే తక్కువ రోగులున్న గుంపును విడిగా చూపవద్దు. శాతంతో పాటు రెండు మూడు సమ్మరీల నుంచి గుర్తులు తొలగించిన వాక్యాలు చూపండి. శాతాన్ని చూసి వాదించేవారు కూడా తమ విభాగం రాసిన వాక్యాన్ని చూసి ఆలోచిస్తారు.

దీన్ని శిక్షకు వాడాలని యాజమాన్యం కోరితే గట్టిగా వ్యతిరేకించండి. కారణం రాయకపోతే మెమో వస్తుందంటే ప్రతి సమ్మరీలో "ఇన్‌ఫెక్షన్ అనుమానం" అన్న మాట చేరుతుంది. అంకె మెరుగుపడుతుంది, వాడకం మారదు, రికార్డు అబద్ధమవుతుంది. తర్వాత వచ్చే డాక్టరు ఆ అబద్ధాన్ని నమ్మి చికిత్స చేస్తారు.

ఒక్క విషయానికి నెలవారీ నివేదిక కోసం ఆగకూడదు. పెన్సిలిన్ పడదని రాసి ఉన్న రోగికి అదే సమ్మరీలో పెన్సిలిన్ కుటుంబానికే చెందిన అమాక్సిసిలిన్ కనిపిస్తే, తాళం ఉన్న మెడికల్ రికార్డ్స్ విభాగం ద్వారా అదే రోజు చికిత్స చేసిన డాక్టరుకు తెలియాలి. ఈ దారిని అనుమతి పత్రంలోనే ముందుగా రాయించుకోండి.

10. నిర్వహణ

కొత్త బ్రాండ్లు వస్తూనే ఉంటాయి. "ట్యాబ్", "ఇంజె", "క్యాప్" తర్వాత వచ్చి నిఘంటువులో లేని పదాలన్నింటినీ నెలకోసారి ఏరి ఫార్మసిస్టుకు ఇవ్వండి. సమ్మరీ నమూనా మారినా, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ మారినా, కొత్త పీజీ బృందం చేరినా శీర్షికలు, సంకేతాలు మారతాయి. ప్రతి మూడు నెలలకు ముప్పై కొత్త సమ్మరీలను మనుషులు చదివి ప్రోగ్రాముతో పోల్చాలి. అంకె ఒక్కసారిగా పడిపోతే విభాగాన్ని అభినందించే ముందు ఆ ముప్పై సమ్మరీలు తెరవండి: మందు తగ్గిందో, లేక కొత్త బ్రాండు పేరును ప్రోగ్రాము గుర్తుపట్టలేకపోయిందో వాటిలోనే తేలుతుంది.